ఆషాఢం బొమ్మలాయన

మా కల్యాణమండపానికి ఈమధ్య రంగులు వేయించే పని పెట్టుకున్నాం. గోడలు గీకుతున్న మేస్త్రీ నన్ను పిలిచి, ఈ మొలలేమిటి ఇంత కిందికి కొట్టారని అడిగాడు. నిజమే, హాలు చుట్టూ నడుమెత్తున వరసగా మొలలు. వాటికి తగులుకుని పట్టుచీరల కొంగులు చిరిగినప్పుడల్లా పెళ్ళివాళ్ళు నన్ను ఎన్నెన్ని మాటలన్నారో నాకే తెలుసు. పీకించమని మా ఆవిడ ఏళ్ళ తరబడి పోరుతూనే ఉంది. సరే, పీకెయ్యప్పా అన్నాను. అన్నానే గానీ, మొల ఊడేటప్పుడు వచ్చే చప్పుడు వినలేక ఆఫీసు గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. ఆ మొలలు కొట్టిన మనిషి పోయి ఏడాది దాటింది. పోయాడని తెలిసిన రోజున కూడా నాకింత దిగులు పుట్టలేదు.

ఆయన పేరు రాయను. బెంగుళూరు, హైదరాబాదు గ్యాలరీలు అచ్చేసిన కాగితాల్లో ఆ పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. మా హిందూపురంలో ఆ పేరు చెప్పి ఎవరినడిగినా తెల్లమొహం వేస్తారు. ఆషాఢం బొమ్మలాయన అంటే మాత్రం కిరాణా కొట్టువాడి దగ్గర్నుంచి చింతపండు మండీలో హమాలీ దాకా అందరికీ తెలుసు.

తొంభైల మొదట్లో ఒక ఆషాఢమాసంలో ఆయన మొదటిసారి మా మండపానికి వచ్చాడు. ఆ నెలలో మాకు పనుండదు. పెళ్ళిళ్ళుండవు, నామకరణాలుండవు. వంటపాత్రలకు కళాయి వేయించుకోవడం, జంఖానాలు ఉతికించుకోవడం, ఎలుకలను తరమడం, అంతే. పెనుకొండ నుంచి బస్సులో వచ్చానని చెప్పి, నేను రమ్మనకముందే కుర్చీలో కూర్చున్నాడు. ఆ తర్వాత తెలిసింది, ఆయన ఎక్కడికి వెళ్ళినా కూర్చున్నాకే నోరు విప్పుతాడని. నడిరోడ్డు మీద పలకరిస్తే మాటకు మాట చెప్పకుండా పక్కన అరుగేమైనా ఉందా అని వెతుక్కునేవాడు. అరుగు దొరకని వీధుల్లో ఆయనతో స్నేహం చేయడం కష్టం.

తను గీసిన బొమ్మలు పెట్టుకోవడానికి వారం రోజులు హాలు కావాలన్నాడు. దేవుళ్ళ బొమ్మలా అన్నాను. కాదన్నాడు. సినిమావాళ్ళా? కాదు. మరేమిటయ్యా అంటే, పెనుకొండలో ఇళ్ళ వాకిళ్ళు అన్నాడు. వాకిలి లేని ఇల్లు ఎవరికుంది, వాటిని చూడటానికి జనం పనిగట్టుకుని వస్తారా అని నాకు నవ్వొచ్చింది. మా నాయన మాత్రం ఎలుకలు తిరిగేకంటే మనుషులు తిరగడం మేలు కదా అని తాళాలు ఇమ్మన్నాడు. అలా మొదలైంది. అప్పటినుంచి ఏటా చలికాలంలో బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఒక గ్యాలరీలో ఆయన సోలో ఎగ్జిబిషను, ఆషాఢంలో మా మండపంలో ఇంకొకటి.

మొదటి ఏడాదే మొలల దగ్గర గొడవపడ్డాం. బొమ్మ మనిషి కళ్ళకు సరిగ్గా ఉండాలి కదా, ఇంత కిందికి కొడతావేమన్నా అన్నాను. ఆయన మా జంఖానాలన్నీ తెప్పించి, పెళ్ళి భోజనాలకు బంతులు పరిచినట్టు గోడల వెంబడి పరిపించి, నన్ను కూర్చోమన్నాడు. కూర్చుంటే బొమ్మ సరిగ్గా నా కళ్ళెదుటికి వచ్చింది. "నిలబడి చూసేదానికి ఇదేమన్నా బస్టాండులో టైంబోర్డా శెట్టీ?" అన్నాడు. పెద్ద ఊళ్ళ గ్యాలరీలవాళ్ళు ఈ మాట వినేవాళ్ళు కారట. అక్కడ నిలబెట్టే చూపించేవాళ్ళు. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆయన మొహం చిన్నబోయేది.

ఆ వాకిళ్ళను ఏమని చెప్పను. రాతి కట్టడాలు, నలుపెక్కిన తలుపులు, గడపకు అరిగిపోయిన పసుపు. తలుపు కొంచెమే తెరిచి ఉంటుంది, లేదా మొత్తం బార్లా తెరిచి ఉంటుంది. మనిషన్నవాడు ఎక్కడా కనపడడు. ఎండ మాత్రం ఉంటుంది, మా పెనుకొండ కొండ మీద మధ్యాహ్నంపూట కాసే ఎండ. చూసి చూసి నాకు అలవాటైపోయిందే తప్ప, నిజం చెప్పాలంటే వాటిలో గొప్పేమిటో నాకు చాలా ఏళ్ళు తెలియలేదు.

జనం మాత్రం వచ్చేవాళ్ళు. సగంమంది ఫ్యాన్ల కింద గాలికోసం వచ్చేవాళ్ళే. మండీలో చింతపండు కొట్టి చేతులు నొప్పెట్టిన ఆడవాళ్ళు, రొళ్ల, గుడిబండ బస్సులకు ఇంకా టైముందని కాళ్ళు చాపుకోవడానికి వచ్చిన రైతులు. రొళ్ల నుంచి వచ్చిన ఒక ముసలాయన, ఒక బొమ్మ ముందు కూర్చుని ఇది మా చిన్నాయన వాకిలేనని పట్టుబట్టాడు. కాదు పెద్దాయనా, పెనుకొండలోదని నేను ఎంత చెప్పినా వినలేదు. బొమ్మలాయన నన్ను వారించి, అయితే మీదేలే తాతా అన్నాడు. ముసలాయన శాంతించి, ఆ వాకిట్లో తనకు తగిలిన దెబ్బల గురించి అరగంట చెప్పి బస్సెక్కాడు.

జనం చూస్తున్నంతసేపూ ఆయన హాలు వెనకాల స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. దగ్గరికి వచ్చి వివరించడం, బాగుందా అని అడగడం ఆయనకు లేదు. ఒకసారి నేను, ముందుకు పోయి వాళ్ళ మొహాలు చూడన్నా, నచ్చిందో లేదో తెలుస్తుంది అన్నాను. మొహాలు మర్యాదకు అబద్ధం ఆడతాయి, వీపులకు ఆ తెలివి ఉండదు అన్నాడు. వీపు వంగిందా, కదిలిందా, నిమ్మళంగా ఉందా అని చూస్తూ సాయంత్రం దాకా గడిపేవాడు. పెళ్ళి బంతుల్లో వీపులు చూసి ఎవరికి వడ్డన అందలేదో చెప్పే మా వంటమేస్త్రీ ఆయనకు మంచి దోస్తయ్యాడు.

ధరలు రాసిన చీటీలు పెట్టేవాడు కాదు. బెంగుళూరులో ఆయన బొమ్మలు బాగానే పోతాయని నాకు తెలుసు. మరి ఇక్కడెందుకు పెట్టడం లేదని అడిగితే, చాలా కాలం మాట దాటేశాడు. ఒక ఏడాది, వారమంతా అయ్యాక బొమ్మలు గుడ్డల్లో చుడుతూ తనే చెప్పాడు. "ఆడ కొంటారు శెట్టీ, ఈడ అడిగితే చాలు. ఎవరైనా ఒకరు, మనోళ్ళు, ఇది మా ఇంట్లో పెట్టుకుంటామని అడగల్ల. అడిగినోళ్ళకు ఉత్తగనే ఇచ్చేస్తా."

అడక్కుండానే ఇచ్చేయొచ్చు కదా అంటే తల అడ్డంగా ఊపాడు. ఇస్తే మొహమాటానికి తీసుకుని అటక మీద పడేస్తారట. అడిగి తీసుకున్నదే గోడకెక్కుతుందట.

అంత చిన్న కోరిక. పొద్దున లేస్తే పాలు అడిగినట్టు, పక్కింట్లో పంచాంగం అడిగినట్టు, ఎవరో ఒకరు ఒక బొమ్మ అడగాలి. మా ఊళ్ళో, ఆయన పుట్టిన పెనుకొండలో, మేనమామలున్న ధర్మవరంలో, ఎక్కడైనా సరే. ఆయన దానికోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నాడని తెలిశాక నా మనసు ఊరుకోలేదు. మరుసటి ఏడు నేనే ఒక బొమ్మ చూపించి, అన్నా, ఇది మా ఇంటికి కావాలి అన్నాను. ఆయన నన్ను తేరిపార చూసి, నువ్వు అడిగేది బొమ్మను చూసి కాదు, నన్ను చూసి అన్నాడు. ఇవ్వలేదు. నాకు కోపమొచ్చింది. రెండ్రోజులు ఆయనకు టీ పంపలేదు. ఆయన దాన్ని గమనించనైనా లేదు.

అడిగేవాళ్ళు బొత్తిగా లేరని కాదు. బొమ్మ ముందు కూర్చుని, లేచేటప్పుడు మోకాళ్ళు పట్టుకుని, "బాగుండాదప్పా. ఆషాఢం పోనీ, చూద్దాం" అనేవాళ్ళు ఏటా కొందరు ఉండేవాళ్ళు. మా సీమలో ఆ మాటకు అర్థం అందరికీ తెలిసిందే. బట్టల కొట్టులో బేరం కుదరకపోతే అదే అంటాం, సంబంధం నచ్చకపోతే అదే అంటాం. నేనూ ఆయనా వాళ్ళను చూసి నవ్వుకునేవాళ్ళం. పోనీగాళ్ళు అని పేరు కూడా పెట్టాడు. ఈ ఏడు పోనీగాళ్ళు ఎంతమందప్పా అని సాయంత్రం నా పక్కన కూర్చోగానే నన్ను అడిగేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక ఒక ఆషాఢంలో, ధర్మవరం నుంచి ఒకావిడ వచ్చింది. నేతపనివాళ్ళ ఇల్లాలు, తనూ మగ్గం నేస్తుంది. మా పక్కవీధిలో ఉండే తన అక్కకు పురుడొస్తే సాయానికి వచ్చింది. బిడ్డను నిద్రపుచ్చి మధ్యాహ్నంపూట హాలుకు వచ్చేది. అన్ని బొమ్మలూ వదిలేసి ఒకదాని ముందే కూర్చునేది. బార్లా తెరిచిన పెరటి వాకిలి, గడప దాటి పరుచుకున్న ఎండ, అవతల ఏమీ లేదు. వెళ్ళేరోజు స్తంభం దగ్గరికి వచ్చి ఆయనతో, "శ్రావణం రానీన్నా, వచ్చి తీసకపోతా" అంది. అలాగేనమ్మా అన్నాడు. ఆవిడ గుమ్మం దాటాక నా వైపు తిరిగి, ఇంకొకరు అన్నట్టు వేలు ఎత్తి చూపించాడు. ఇద్దరం నవ్వుకున్నాం. వారం తిరక్కుండా బొమ్మలన్నీ బెంగుళూరు గ్యాలరీకి వెళ్ళిపోయాయి.

శ్రావణంలో రెండో శుక్రవారం మా మండపంలో పెళ్ళి. మేళాలు మోగుతుంటే, ఆ గుంపులోంచి ఒక ఆడమనిషి, వెనకాలే ఆమె భర్త నా దగ్గరికి వచ్చారు. పెళ్ళివాళ్ళ బంధువులనుకుని భోజనాలటువైపని చెయ్యి చూపించాను. ఆవిడ చేతిసంచిలోంచి కొత్త దుప్పటి, పసుపు కుంకుమల పొట్లం తీసింది. బొమ్మను చుట్టుకుపోవడానికి దుప్పటి, ఇంటికి తీసుకుపోయేముందు బొట్టు పెట్టడానికి కుంకుమ.

బెంగుళూరు పోయిందమ్మా, అక్కడెవరో కొనుక్కున్నారని ఎట్లాగో చెప్పాను. ఆవిడకు కోపం రాలేదు. అదే బాధ. "చెప్పి పోతి కదన్నా" అంది. "ఆషాఢంలో కొత్త వస్తువు ఎవరైనా ఇంటికి తెచ్చుకుంటారా?"

ఆ మాట చెప్పించుకుంటున్నది ఎవరు? ఆషాఢం రాగానే మండపానికి తాళం వేసుకునేవాణ్ణి. ఆ నెలలో మా ఇంటికి కొత్త చెంబు కూడా తేనివ్వదు మా అమ్మ. హాలు ఖాళీగా ఉంటుందని మేమిద్దరం ఆ నెల పట్టుకున్నాం గానీ, హాలు ఎందుకు ఖాళీగా ఉంటుందో ఇన్నేళ్ళలో ఒక్కసారి ఆలోచించలేదు. వాళ్ళిద్దరినీ ముక్కూమొహం తెలియని ఆ పెళ్ళి బంతిలో కూర్చోబెట్టి అన్నం పెట్టించి పంపాను.

పెనుకొండలో ఆయన పక్కింటికి ఫోను చేసి సంగతి చెప్పించాను. సాయంత్రం బస్సుకు దిగాడు. ఎప్పటిలా కుర్చీ వెతుక్కోలేదు, నిలబడే అడిగాడు. "ఇన్నేండ్లుగా ఆషాఢం పోనీ అన్నోళ్ళు... నిజంగానే అన్నారా శెట్టీ?"

అందరూ కాదులేన్నా, తప్పించుకోవడానికి అన్నవాళ్ళూ ఉంటారు అన్నాను.

"సగం మందైనా?"

సగం మందై ఉంటారన్నాను. అప్పుడు కూర్చున్నాడు. శ్రావణంలో ఎవరెవరు వచ్చి మా మూసిన గేటు చూసి వెళ్ళిపోయారో, పెళ్ళి హడావుడిలో ఎంతమందిని నేనే భోజనాలవైపు తోలేశానో అని ఆలోచిస్తూ ఇద్దరం పెళ్ళివాళ్ళు సామాను సర్దుకునేదాకా అక్కడే కూర్చున్నాం.

ఆ తర్వాత ఆయన చేసిన పని బెంగుళూరులో ఎవరికీ నచ్చలేదు. బొమ్మ కొన్నది ఒక డాక్టరు కుటుంబం. వాళ్ళింటికి వెళ్ళి తిరిగి ఇమ్మన్నాడు. వాళ్ళు కాఫీ ఇచ్చారు గానీ బొమ్మ ఇచ్చేది లేదన్నారు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వెళ్ళాడు. చివరికి అంతకంటే పెద్దవి రెండు కొత్తగా గీసి వాళ్ళ హాల్లో పెట్టి, దీన్ని తెచ్చుకున్నాడు. సంగతి గ్యాలరీ యజమానురాలికి తెలిసింది. ఒకసారి అమ్మిన బొమ్మను పెయింటరే పోయి వెనక్కి తెచ్చుకుంటే ఇంక మా దగ్గర ఎవరు కొంటారు అందట. ఆమె వైపు నుంచి అది న్యాయమే, వ్యాపారం చేసేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. ఆ చలికాలానికి ఒప్పుకున్న సోలో ఎగ్జిబిషను రద్దయింది. మాట మిగతా గ్యాలరీలకు కూడా పాకింది. ఆ ఊళ్ళో ఆయన ఒక్కడి బొమ్మలే మళ్ళీ ఒక హాలు నిండా వేలాడలేదు.

నేను గట్టిగానే పోట్లాడాను. ఒక్క ఇల్లాలి కోసం ఇన్నేళ్ళ పేరు పోగొట్టుకుంటావా, ఆమెకు అలాంటిదే ఇంకొకటి గీసిచ్చి ఉండొచ్చు కదా అన్నాను.

"ఆయమ్మ ఇంకొకటి అడగలేదు కదప్పా" అన్నాడు.

కార్తీకంలో మంచిరోజు చూడమని నన్నే అడిగాడు. తిథి, వారం జీవితంలో పట్టించుకోని మనిషి, నా పక్కన కూర్చుని పంచాంగంలోకి తొంగి తొంగి చూశాడు. వర్జ్యమంటే ఏమిటి, అది ఎప్పుడు పోతుందని ప్రశ్నలు. పెళ్ళికొడుకువా నువ్వు అని ఏడిపించాను. సిగ్గుపడ్డాడు కూడా.

ఇద్దరం పాసింజరు రైల్లో ధర్మవరం వెళ్ళాం. దారంతా బొమ్మను తన కాళ్ళమీద నిలబెట్టి పట్టుకున్నాడు. సీటు కింద పెట్టమంటే వినలేదు. వాళ్ళ వీధిలోకి తిరగ్గానే ప్రతి ఇంట్లోంచీ మగ్గాల చప్పుడు. ఆవిడ గుమ్మంలోకి ఎదురొచ్చి, బొమ్మకు బొట్టు పెట్టి, లోపలికి రమ్మంది. ముందర గదిలో దేవుడి పటాలు, పోయిన మామగారి ఫోటో, టీవీ. వాటి మధ్య ఒక గోడ ఖాళీగా ఉంది. బొమ్మలాయన కళ్ళు ఆ గోడ మీదే నిలిచిపోయాయి. ఇన్నేళ్ళు ఆయన ఎదురుచూసిన గోడ అది. నేను మొల కోసం జేబు తడుముకుంటుంటే ఆవిడ, ఈడ కాదన్నా అని లోపలికి నడిచింది.

లోపల మగ్గం గది. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం. ఎదురుగా రాళ్ళు తేలిన మొండిగోడ, దానికి కిటికీ కూడా లేదు. ఆవిడ గుంటలోకి దిగి కూర్చుంది. ఆమె భర్త సుత్తి తెచ్చిచ్చాడు. బొమ్మలాయన ఆమె కళ్ళకు ఎదురొచ్చేదాకా బొమ్మను పైకీ కిందికీ జరిపి, మొల కొట్టి, తగిలించి, పక్కకు జరిగాడు. ఆవిడ చూస్తూ కూర్చుంది. బాగుందని మాత్రం అనలేదు.

అప్పుడు ఆయన, తన బొమ్మల గురించి చూసేవాళ్ళను ఎన్నడూ ఏమీ అడగని మనిషి, అడిగాడు. "ఎందుకడిగినావమ్మా ఈ బొమ్మను?"

"ఈ గుంటలో కూర్చుంటే పొద్దుగూకేదాకా నాకు ఆ గోడేన్నా" అంది ఆవిడ. "పెండ్లయి వచ్చినప్పట్నుంచీ దాన్నే చూస్తాండా. ఆడొక వాకిలి పెట్టించమంటే, అవతల పక్కిల్లు, కుదరదన్యారు మా మామ. బొమ్మ బాగుండాదా లేదా నాకు తెల్దు. వాకిలి తెరిసి ఉండాది కదా, తెచ్చుకుంటే సరిపోతాదనుకుంటి."

నాకు ఈ మనిషి గ్యాలరీలను పోగొట్టుకున్నది దీనికోసమా అనిపించింది. ఆయన వాళ్ళు పెట్టిన బొరుగుల ఉగ్గాని తిన్నాడు, టీ తాగాడు. మేము లేచేసరికే ఆవిడ పనిలో పడింది. గడప దగ్గర ఆగి, ఆయన కాసేపు ఆమె వీపు చూశాడు. తర్వాత చెప్పులు వేసుకున్నాడు.

తిరుగు రైల్లో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. బండి ఊరు దాటి వేరుశనగ చేలల్లో పడ్డాక, బయటికి చూస్తూనే అన్నాడు.

"ఇన్నేండ్లూ నేను గోడ కావల్లని తిరిగినా శెట్టీ. ఆయమ్మకు వాకిలి కావల్ల."

నా వైపు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు, మొహంనిండా నవ్వు. "నేను గీసింది వాకిలే కదప్పా" అన్నాడు.

తర్వాత కిటికీ కమ్మీకి తల ఆనించి నిద్రపోయాడు. పెనుకొండ వచ్చింది. ఆయన దిగాల్సిన ఊరు. నేను భుజం మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాను. బండి కదిలి హిందూపురం దారి పట్టింది. నాకు లేపబుద్ధి కాలేదు.